నీళ్ళు తేటగానే ఉన్నాయి, మరి చేపలెందుకు పోతున్నాయి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కొత్త అక్వేరియం గురించే ఉన్నాయి. పిల్లలు అడిగారనో, గృహప్రవేశానికి ఎవరో ఇచ్చారనో ఇంట్లోకి ట్యాంకు రావడం, నాలుగు రోజులు అందరూ దాని ముందే కూర్చోవడం, వారం తిరక్కుండా ఒక్కో చేపా పైకి తేలడం, మణికొండ నుంచి ఉప్పల్ దాకా ఇదే కథ. అందుకని ఈసారి పేజీ మొత్తం అమ్మోనియాకే ఇచ్చేశాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగ్గా ఉంటుంది. మిగతా ప్రశ్నలు అడిగినవాళ్ళు కూడా ముందు అది చదవండి, ఎందుకంటే అక్కడ చెప్పింది కింద మళ్ళీ చెప్పలేదు.

ప్రశ్న: నమస్తే మేడమ్. మా ఆడపడుచు వాళ్ళు గృహప్రవేశానికి రెండడుగుల ట్యాంకు ఇచ్చారు. నీళ్ళు పోసి ఒక రోజు ఫిల్టర్ తిప్పి చేపలు వేసుకోమని షాపులో చెప్పారు. ఆరు గోల్డ్ ఫిష్, నాలుగు గప్పీలు వేశాం. ఇవాళ తొమ్మిదో రోజు. రెండు గోల్డ్ ఫిష్, ఒక గప్పీ పోయాయి. నీళ్ళు మాత్రం అద్దంలా ఉన్నాయి. టెస్ట్ కిట్ కొని చూస్తే అమ్మోనియా 2 పీపీఎం, పీహెచ్ 8.2 వచ్చింది. మళ్ళీ షాపుకెళ్తే నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళు, ఫిల్టర్ ఉప్పుతో బాగా కడిగి కొత్తగా నింపమంటున్నారు. మా బాబు అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, మణికొండ

జవాబు: ముందు చేయాల్సింది చెప్పి, కారణం తర్వాత చెప్తాను. ఇది చదవగానే సగం నీళ్ళు తీసి, క్లోరిన్ పోగొట్టిన కొత్త నీళ్ళు పోయండి. రేపు పొద్దున మళ్ళీ సగం మార్చండి. పీపీఎం అంటే లీటరు నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాములన్న లెక్క. 2 ఉన్న అమ్మోనియా మొదటిసారికి 1కి, రెండోసారికి అరకు వస్తుంది. రెండు రోజులు మేత వేయకండి, చేపలు రెండు రోజుల ఉపవాసంతో చావవు. ఫిల్టర్ ఆపకండి, కడగకండి. రాళ్ళు కూడా కడగొద్దు. ఎయిర్ పంప్ ఉంటే రాత్రింబవళ్ళు తిరగనివ్వండి. చనిపోయిన చేప ఏ మూలన కనిపించినా వెంటనే తీసేయండి, అది కుళ్ళితే వచ్చేది కూడా అమ్మోనియానే.

ఇప్పుడు కారణం. చేప తిన్న మేతలోని ప్రోటీన్‌ని వాడుకున్నాక మిగిలిన నైట్రోజన్‌ని ఎక్కువగా మొప్పల్లోంచే అమ్మోనియాగా వదిలేస్తుంది. తినకుండా అడుగున పడిన గుళికలు కుళ్ళినా అదే. చెరువులో, కాలువలో ఈ అమ్మోనియాని తినే బాక్టీరియా రాళ్ళ మీదా, బురదలోనూ, ఆకుల మీదా ముందే ఉంటుంది. ఒక రకం అమ్మోనియాని నైట్రైటుగా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైటుని నైట్రేటుగా మారుస్తుంది. అమ్మోనియా, నైట్రైటు రెండూ చేపకు విషమే, నైట్రేటు మాత్రం తక్కువ మోతాదులో ఉంటే తట్టుకుంటుంది. కొత్త ట్యాంకులో ఈ బాక్టీరియా దాదాపు ఉండదు. అది ఫిల్టర్ స్పాంజి మీద కుదురుకునే వరకు సాగే పనినే సైక్లింగ్ అంటారు. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. షాపువాళ్ళు ఒక రోజు తిప్పమన్నది క్లోరిన్ పోవడానికి సరిపోతుందేమో కానీ, దీనికి ఏ మాత్రం చాలదు.

ఎందుకంత టైం అంటే, పెరుగు తోడుపెడితే తెల్లారేసరికి తోడుకుంటుంది కదా, ఆ బాక్టీరియా అంత జోరుగా పెరుగుతుంది. ఇవి అలా కాదు, ఒకటి రెండు కావడానికే దాదాపు రోజు పట్టొచ్చు. మీ దగ్గర తొమ్మిది రోజుల్లో కొద్దిగా మొదలై ఉంటుంది. ఇప్పుడు ఉప్పుతో ఫిల్టర్ కడిగారంటే ఆ కాస్తా పోయి మళ్ళీ మొదటి రోజు దగ్గరికి వెళ్తారు, వారం తర్వాత అమ్మోనియా మళ్ళీ 2కి వస్తుంది, మళ్ళీ కడగమంటారు. ఇలా ఆరు నెలలు కడుగుతూనే ఉండి చివరికి ట్యాంకు అటక ఎక్కించినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే వాళ్ళు శ్రద్ధ లేక పోగొట్టుకోలేదు, శ్రద్ధ ఎక్కువై పోగొట్టుకున్నారు.

నీళ్ళు మార్చితే మరి ఆ బాక్టీరియా పోదా అని అడుగుతారు. పోదండీ. అది నీళ్ళలో తేలుతూ ఉండేది చాలా తక్కువ, స్పాంజికీ, రాళ్ళకీ, గాజుకీ అంటుకుని జిగురుగా ఉంటుంది. రెండు నెలలు నడిచిన స్పాంజిని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి, గోధుమరంగు తిరిగి, వేళ్ళకి జారుతూ, వాసన చూస్తే తొలకరికి తడిసిన మట్టిలా ఉంటుంది. కుళ్ళు కంపు రాదు. ఆ జిగురే మీ చేపల ప్రాణం. పెళ్ళైన కొత్తలో నేను అది మురికి అనుకుని కుళాయి కింద తెల్లగా వచ్చేదాకా పిండాను, మూడో రోజుకి ఏడు మాలీలు పోయాయి. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది అమ్మోనియా 2 కంటే పీహెచ్ 8.2. పీహెచ్ అంటే నీళ్ళు ఆమ్లంగా ఉన్నాయా, క్షారంగా ఉన్నాయా చెప్పే అంకె, 7 మధ్యస్థం. అమ్మోనియా నీళ్ళలో రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి దాదాపు హాని చేయనిది, ఇంకోటి మొప్పల్ని కాల్చేది. కిట్ రెండిటినీ కలిపి చూపిస్తుంది. పీహెచ్ 7 ఉండి నీళ్ళు 30 డిగ్రీలుంటే, విషమైన భాగం నూటికి ఒక వంతు కూడా ఉండదు. అదే 30 డిగ్రీల్లో పీహెచ్ 8.2 ఉంటే నూటికి 11 వంతులు. అంటే మీ 2 పీపీఎంలో 0.2కి పైగా అసలు విషమే, 0.05 దగ్గరే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. మన దగ్గర బోరు నీళ్ళకీ, బోరు నుంచి వచ్చే ట్యాంకర్ నీళ్ళకీ పీహెచ్ 8 దాటి ఉండటం మామూలే. కాబట్టి ఇంకెవరో 2 పీపీఎంలో తమ చేపలు బాగానే ఉన్నాయని చెప్పినా, వాళ్ళ నీళ్ళు వేరు, మీ నీళ్ళు వేరు. పీహెచ్ దించే మందులు మాత్రం పోయకండి, అది ఎక్కుతూ దిగుతూ ఉంటే చేపకి ఇంకో కష్టం. నీళ్ళు మార్చి అమ్మోనియానే తగ్గించండి.

కొత్త నీళ్ళ విషయంలో మూడు జాగ్రత్తలు. మున్సిపల్ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, అపార్ట్‌మెంటు సంపులో వాచ్‌మన్ బ్లీచింగ్ పౌడర్ వేసిన రోజు ఇంకా ఎక్కువ ఉంటుంది, ఆ రోజు ఏదో అతన్నే అడిగి తెలుసుకోండి. బకెట్‌లో పట్టి యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసినట్టు వేయండి, లేదా ఎయిర్ పంప్ పెట్టి ఒక రోజు ఉంచండి. రెండోది, ఎండాకాలం మధ్యాహ్నం పైట్యాంకు నీళ్ళు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటాయి, అందుకని పొద్దున్నే పట్టుకోండి, చేయి పెట్టి చూస్తే ట్యాంకు నీళ్ళకీ బకెట్ నీళ్ళకీ తేడా తెలియకూడదు. మూడోది, పోసే నీళ్ళకి కూడా ఒకసారి అమ్మోనియా టెస్ట్ చేయండి. కొన్ని బోర్లలో మురుగు కలిసి అక్కడే అమ్మోనియా ఉంటుంది, అలాంటప్పుడు ఎన్నిసార్లు మార్చినా అంకె దిగదు, మీరు అనవసరంగా టెన్షన్ పడతారు.

ఈ రెండు రోజులు గడిచాక రోజూ పొద్దున ఒకే సమయానికి టెస్ట్ చేయండి. మీది ఏపీఐ కంపెనీ చుక్కల కిట్ అయితే ట్యూబులో గీత దాకా నీళ్ళు, మొదటి సీసా నుంచి 8 చుక్కలు, రెండోదాన్నుంచి 8, మూతపెట్టి ఊపి 5 నిమిషాలు. సీసాని నిలువుగా తలకిందులుగా పట్టుకోండి, పక్కకి వంచితే చుక్క సైజు మారిపోతుంది. ట్యూబ్‌లైటు కింద పసుపుకీ లేత ఆకుపచ్చకీ తేడా తెలియదు, బాల్కనీలోకి తీసుకెళ్ళి, ఎండ నేరుగా పడని పగటి వెలుతురులో కార్డు పక్కన పెట్టి చూడండి. 0.5కి వచ్చిందంటే ఆ రోజు సగం మార్చండి. 0.25 ఉంటే పావు వంతు చాలు. మేత రోజు విడిచి రోజు, ఒక నిమిషంలో తినేసేంత.

రెండు మూడు వారాలకి అమ్మోనియా దానంతటదే తగ్గుతుంది. అప్పుడు సంబరపడి మేత పెంచేయకండి, నైట్రైటు ఎక్కేది అప్పుడే. నైట్రైటు రక్తంలోకి పోతే రక్తం ఆక్సిజన్ మోయలేదు, నీళ్ళలో గాలి ఎంత ఉన్నా చేప పైకి వచ్చి నోరు తెరుస్తుంది. దీనికి మాత్రం ఉప్పు పనికొస్తుంది, ఫిల్టర్ కడగడానికి కాదు. ఉప్పులోని క్లోరైడు మొప్పల దగ్గర నైట్రైటుని లోపలికి పోనివ్వదు. పది లీటర్లకి ఒక గ్రాము కల్లుప్పు, మగ్గులో కరిగించి మెల్లగా పోయండి. నీళ్ళు మార్చినప్పుడు తీసినన్ని లీటర్లకే మళ్ళీ కలపాలి, మొత్తానికి కాదు. అమ్మోనియా, నైట్రైటు రెండూ ఒక వారం పాటు సున్నా ఉండి, నైట్రేటు మాత్రం మెల్లగా పెరుగుతుంటే సైక్లింగ్ అయినట్టే.

ఇంకొక మాట, చెప్పక తప్పదు. రెండడుగుల ట్యాంకు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అయితే లెక్కకి 56 లీటర్లు, రాళ్ళు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే 45 దాటదు. గోల్డ్ ఫిష్ బాగా తిని బాగా విసర్జించే చేప, పెరిగితే జానెడు దాటుతుంది. మిగిలిన నాలుగూ అందులో పెరగలేవు. పెద్ద ట్యాంకో, తోటలో తొట్టో ఉన్నవాళ్ళకి ఇచ్చేయండి, లేదా షాపులోనే వెనక్కి తీసుకోమని అడగండి. చెరువులో మాత్రం వదలొద్దు. ఇలా వదిలిన సక్కర్ చేపలు (గాజుకి పట్టిన పాచి తింటాయని ట్యాంకుల్లో వేసేవి) మన చెరువుల్లో పెరిగి జాలర్ల వలలు చింపుతున్నాయి. గప్పీలు మూడూ మీ ట్యాంకులో హాయిగా ఉంటాయి. బాబుని కూర్చోబెట్టుకుని రోజూ ఆ 8 చుక్కలు వాడి చేతే లెక్కపెట్టించండి.

ప్రశ్న: అక్కా, నేను ఇంకా చేపలు వేయలేదు. మూడడుగుల ట్యాంకు, సుమారు 90 లీటర్లు. ముందే సైక్లింగ్ చేద్దామనుకుంటున్నా. పచ్చి రొయ్య ముక్క వేస్తే సరిపోతుందని ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?
— ఒక విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: తమ్ముడూ, చేపలు వేయకముందే రాశావు, చాలా సంతోషం. రొయ్య ముక్కతో పని జరుగుతుంది, కానీ ఎంత అమ్మోనియా వస్తుందో నీ చేతిలో ఉండదు, ఇల్లంతా కంపు, ఇంట్లోవాళ్ళతో గొడవ. దానికంటే అమ్మోనియం క్లోరైడు మేలు. మన పెద్దవాళ్ళు నవసాగరం అనేది ఇదే, ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాళ్ళు పొగ లేచేలా చల్లేది. అయితే బజారులో గడ్డగా దొరికేదాంట్లో ఏం కలిసి ఉంటుందో తెలియదు కాబట్టి, ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో శుద్ధమైనది 100 గ్రాములు కొను, చాలా రోజులు వస్తుంది.

10 గ్రాములు తూచి ఒక లీటరు నీళ్ళలో కరిగించి సీసాలో పెట్టుకో, పైన పేరు రాసి పిల్లలకి అందని చోట పెట్టు. 100 లీటర్ల ట్యాంకులో ఆ నీళ్ళు 63 మిల్లీలీటర్లు పోస్తే 2 పీపీఎం వస్తుంది, నీ 90 లీటర్లకి 57 చాలు. మందుల షాపులో దొరికే సిరంజితో కొలువు. ఎక్కువ వేస్తే తొందరగా అవుతుందనుకోకు, అమ్మోనియా 5 దాటిపోతే మొదలవ్వాల్సిన బాక్టీరియాకే ఇబ్బంది. ఇంట్లో నేల తుడిచే అమ్మోనియా ద్రావణాలు వాడకు, వాటిలో సబ్బు, సెంటు ఉంటాయి. అమ్మోనియా ఉన్నది ఏదైనా బ్లీచింగ్ పౌడర్‌తో కలవనివ్వకు, విషవాయువు వస్తుంది.

తర్వాత ఏం జరుగుతుందంటే, మొదటి వారం పది రోజులు అసలేమీ జరగనట్టే ఉంటుంది, టెస్ట్ చేసిన ప్రతిసారీ అదే ఆకుపచ్చ, అక్కడే చాలామందికి ఓపిక పోతుంది. ఆ తర్వాత ఒక రోజు నైట్రైటు ట్యూబు లేత ఊదారంగుకి తిరుగుతుంది. అమ్మోనియా 0.5 కంటే కిందికి దిగినప్పుడల్లా మళ్ళీ 2 దాకా పోస్తూ ఉండు. రాత్రి 2 పీపీఎం పోసి, మర్నాడు రాత్రికి అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా అయ్యాయంటే ట్యాంకు సిద్ధం. అప్పటికి నైట్రేటు బాగా పేరుకుని ఉంటుంది, ముప్పావు వంతు నీళ్ళు మార్చి, ఒకటి రెండు రోజుల్లో చేపలు వేసెయ్. నెల రోజులు ఆగి వేస్తానంటే తిండి లేక ఆ బాక్టీరియా తగ్గిపోతుంది. అనుకున్న చేపల్లో సగం ముందు, మిగతా సగం పది రోజులకి.

తొందరగా కావాలంటే ఒకటే నమ్మకమైన దారి. ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంకు ఉన్న ఫ్రెండ్ దగ్గర పాత స్పాంజి ముక్క అడుగు. పక్కింట్లోంచి గిన్నెడు తోడు తెచ్చుకున్నట్టే ఇది. తడి ఆరకుండా, ఆ ట్యాంకు నీళ్ళలోనే ముంచి తీసుకొచ్చి నీ ఫిల్టర్‌లో పెట్టు, నాలుగు వారాల పని రెండు వారాల లోపే అయిపోవచ్చు. వాళ్ళ చేపలకి జబ్బేమైనా ఉందేమో ముందు కనుక్కో. సీసాల్లో అమ్మే బాక్టీరియా కొన్ని బాగానే పనిచేస్తాయి, కానీ ఎండలో గోడౌన్లలో ఎన్నాళ్ళు ఉన్నాయో తెలియదు కాబట్టి వాటి మీద నమ్మకం పెట్టుకుని టెస్ట్ మానేయొద్దు. ఇంకో సంగతి, పాత పుస్తకాల్లో నైట్రైటుని తినేది నైట్రోబాక్టర్ అని చదివి ఉంటావు. అక్వేరియం ఫిల్టర్లను పరిశీలించి 1998లో వెలువడిన పరిశోధనలో అక్కడ ముఖ్యంగా కనిపించింది నైట్రోస్పైరా రకం. సీసా మీద ఏ పేరు రాశారో చూడు.

వాతావరణం నీకు కలిసొస్తుంది. ఈ బాక్టీరియాకి 25 నుంచి 30 డిగ్రీలు బాగా నచ్చుతాయి, మన హైదరాబాదులో ఏడాదిలో ఎక్కువ నెలలు హీటర్ లేకుండానే అంత ఉంటుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో నీళ్ళు 20 దగ్గరికి దిగితే మాత్రం పని నెమ్మదిస్తుంది.

ప్రశ్న: మేడమ్, మా బోరు నీళ్ళు బాగా ఉప్పగా ఉంటాయని వాటర్ ప్లాంటు నుంచి మూడు క్యాన్లు తెచ్చి 60 లీటర్ల ట్యాంకు నింపాను. రెండు మొక్కలు పెట్టాను, చేపలు లేవు, రోజూ చిటికెడు మేత వేస్తున్నాను. అయిదు వారాలైంది. అమ్మోనియా 4 దగ్గరే ఆగిపోయింది, దిగడం లేదు. పీహెచ్ 6. ఎక్కడ తప్పు?
— ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: తప్పు క్యాన్ నీళ్ళలో ఉంది. ఆర్‌వో నీళ్ళలో లవణాలు దాదాపు తీసేస్తారు, వాటితోపాటు కార్బనేట్లూ పోతాయి. బాక్టీరియా అమ్మోనియాని మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది, దాన్ని మింగేది ఆ కార్బనేట్లే. అమ్మోనియా రూపంలోని ఒక గ్రాము నైట్రోజన్‌ని మార్చడానికి, కాల్షియం కార్బనేటు లెక్కలో, 7 గ్రాముల పైచిలుకు ఖర్చవుతుంది. మీ నీళ్ళలో ఉన్నదే కొంచెం, అది అయిపోయాక పీహెచ్ జారిపోయింది. 6.5 కంటే కిందికి వస్తే ఈ బాక్టీరియా బాగా మందగిస్తుంది, 6 దగ్గర దాదాపు ఆగిపోతుంది. చచ్చిపోలేదు, పని మానేసింది అంతే.

వంటింట్లో ఉండే వంట సోడా చాలు. బేకింగ్ పౌడర్ వద్దు, బట్టల సోడా అసలే వద్దు. మీ 60 లీటర్లకి 7 గ్రాములు, అంటే సమంగా తీసిన చెంచాన్నర, మగ్గు నీళ్ళలో కరిగించి పోయండి. కార్బనేటు గట్టితనం, అంటే నీళ్ళలో కార్బనేట్లు ఎంత ఉన్నాయన్న కొలత, సుమారు నాలుగు డిగ్రీలు (వేడి డిగ్రీలు కావు) పెరుగుతుంది, పీహెచ్ 7 దాటుతుంది. వారం పది రోజుల్లో అమ్మోనియా అంకె కదలడం చూస్తారు. ఆ రోజుల్లో మేత ఆపేయండి, 4 ఇప్పటికే ఎక్కువ. ఇక మీదట సగం బోరు నీళ్ళు, సగం క్యాన్ నీళ్ళు కలిపి వాడుకుంటే ఈ బాధ ఉండదు, మీ బోరు నీళ్ళని చెడ్డవని పూర్తిగా పక్కన పెట్టకండి.

ఇదే పరిస్థితిలో ట్యాంకులో చేపలున్నవాళ్ళు మాత్రం ఇలా చేయొద్దు. పీహెచ్ 6 దగ్గర అమ్మోనియా 4 ఉన్నా చేప తట్టుకుంటుంది, ఎందుకంటే దాదాపు అంతా హాని లేని రూపంలో ఉంటుంది. ఒక్కసారిగా సోడా వేసినా, పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్ళు సగం పోసినా అదే అమ్మోనియా గంటలో విషంగా మారుతుంది. నీళ్ళు మార్చాక చేపలన్నీ ఒక్కసారే పోయాయని రాసేవాళ్ళ ఉత్తరాల్లో చాలావరకు ఇదే జరిగి ఉంటుంది. అలాంటివాళ్ళు ముందు అదే రకం క్యాన్ నీళ్ళతో రెండు మూడు రోజులు మార్చి అమ్మోనియాని 0.5 లోపుకి దించి, ఆ తర్వాత రోజుకి అర గ్రాము చొప్పున సోడా మొదలుపెట్టాలి.

ప్రశ్న: నాలుగో రోజుకే నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లగా అయ్యాయి. మొత్తం మార్చేయాలా?
— దిల్‌సుఖ్‌నగర్

జవాబు: వద్దు. మిగిలిపోయిన మేత మీద బతికే ఇంకో రకం బాక్టీరియా అది, జోరుగా పెరిగి నీళ్ళని తెల్లబరుస్తుంది. మొత్తం మార్చినా రెండు రోజుల్లో మళ్ళీ వస్తుంది. మేత తగ్గించి, ఎయిర్ పంప్ ఆపకుండా పెట్టండి, అది నీళ్ళలోని ఆక్సిజన్ బాగా తాగేస్తుంది కాబట్టి. వారం లోపు దానంతటదే తేటపడుతుంది. తేటపడింది కదా అని అమ్మోనియా టెస్ట్ మానకండి, తెలుపుకీ అమ్మోనియాకీ లెక్క వేరు.

ప్రశ్న: కైకలూరులో మా మామయ్య వాళ్ళకి చేపల చెరువులున్నాయి. అమ్మోనియా ఎక్కితే జియోలైట్ చల్లుతారు. ఒక సంచి పంపిస్తానన్నారు. ఇంట్లో ట్యాంకులో వేయొచ్చా?
— మల్కాజ్‌గిరి

జవాబు: వేయొచ్చు, పనిచేస్తుంది. జియోలైట్ ఒక రకం ఖనిజం, మంచినీళ్ళలో అమ్మోనియాని బాగా పట్టుకుంటుంది. చెరువుకి చల్లే పొడి మాత్రం తెచ్చి పోయకండి, నీళ్ళు మడ్డిగా అయి ఫిల్టర్ పూడుకుపోతుంది. గులకరాళ్ళలా ఉండే గింజలు తీసుకుని, బాగా కడిగి, వల సంచిలో కట్టి ఫిల్టర్ నీళ్ళు పారే చోట పెట్టండి. రెండు సంగతులు మర్చిపోవద్దు. జియోలైట్ ఉన్న ట్యాంకులో ఉప్పు వేస్తే పట్టుకున్న అమ్మోనియా అంతా తిరిగి వదిలేస్తుంది, పైన నైట్రైటుకి చెప్పిన ఉప్పు మందు దీంతో కలవదు. ఇంకోటి, అది బాక్టీరియా తిండిని లాగేసుకుంటుంది కాబట్టి సైక్లింగ్ ఆలస్యమవుతుంది. చేపలు గిలగిలలాడుతున్నప్పుడు రెండు మూడు రోజులకి ఆసరాగా వాడి తీసేయండి. నీళ్ళు మార్చే వీలుంటే నాకు అదే ఇష్టం.

ప్రశ్న: అమ్మా, నాకు డెబ్బై దాటాయి. మా చిన్నప్పుడు పెరట్లో సిమెంటు తొట్టిలో చేపలుండేవి. దోమలు రాకుండా మా నాన్నగారు వేశారు. ఏళ్ళ తరబడి బతికాయి. ఈ టెస్టులు, ఈ కిట్లు అప్పుడెక్కడివి? ఇప్పుడు మనవడి ట్యాంకుకి ఇన్ని హంగులెందుకు?
— నల్లకుంట

జవాబు: మీరు అడిగింది నూటికి నూరు పాళ్ళు సరైన ప్రశ్నండీ. ఆ తొట్టి గోడలకి పచ్చగా, మెత్తగా పాచి పట్టి ఉండేది కదా, గుర్తు చేసుకోండి. ఆ పాచి అమ్మోనియాని నేరుగా తాగేస్తుంది, పాచి మధ్యలో ఈ బాక్టీరియా కూడా ఉంటుంది. పైగా అంత నీళ్ళకి చేపలు నాలుగైదు, మేత ఎవరూ వేసేవాళ్ళు కాదు, దోమ పిల్లలే వాటి తిండి. ఎండ పడేది, వాన నీళ్ళు కలిసేవి, ఎవరూ బ్రష్‌తో తోమేవాళ్ళు కాదు. మీ నాన్నగారి తొట్టి ఎప్పుడో సైక్లింగ్ అయిపోయింది, దానికి ఆ పేరు పెట్టలేదంతే.

మనవడి ట్యాంకులో నీళ్ళు ఆ తొట్టిలో పదో వంతు ఉంటాయేమో, చేపలు రెట్టింపు, రోజుకి రెండుసార్లు మేత, గాజు మీద చారిక కనిపిస్తే తుడిచేయడం. అందుకే కొలవాల్సి వస్తోంది. తొట్టి పద్ధతి ఇంట్లోకి కొంత తేవచ్చు కూడా. మనీ ప్లాంట్ తీగ రెండు మూడు తెచ్చి, ఆకులు పైన ఉండి వేర్లు మాత్రం నీళ్ళలో మునిగేలా వేలాడదీయమనండి, అమ్మోనియా, నైట్రేటు రెండూ కొంత లాగుతుంది. వెనక గాజుకి పట్టిన పాచి తుడవొద్దనండి, ముందు గాజు ఒక్కటి తుడుచుకుంటే చేపలు కనిపించడానికి చాలు. కిట్‌తో కొలిచేది ఈ మొదటి రెండు నెలలే, ఆ తర్వాత నెలకోసారి చూసుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: మా ట్యాంకుకి సైక్లింగ్ అయిపోయి మూడు నెలలైంది, అన్నీ సున్నా. మొన్న గాలివానకి కరెంటు పోయి రాత్రంతా రాలేదు. పొద్దున కరెంటు రాగానే డబ్బా ఫిల్టర్ ఆన్ చేశాం. సాయంత్రానికి అమ్మోనియా 1. సైక్లింగ్ మళ్ళీ మొదటి నుంచా?
— టోలిచౌకి

జవాబు: అంత దూరం వెళ్ళి ఉండదు. ఈ బాక్టీరియాకి ఆక్సిజన్ కావాలి, అది నీళ్ళ ప్రవాహంతోనే అందుతుంది. మూసి ఉన్న డబ్బాలో నీళ్ళు కదలకపోతే కొద్ది గంటల్లో ఆక్సిజన్ అయిపోయి కొంత బాక్టీరియా చనిపోతుంది, లోపల నీళ్ళు కంపుకొడతాయి. కరెంటు రాగానే ఆన్ చేసేసరికి ఆ చెడు నీళ్ళు మొత్తం ట్యాంకులోకి వచ్చాయి, మీరు చూసిన 1లో కొంత అదే. మిగిలిన బాక్టీరియా వారం లోపు పుంజుకుంటుంది. అప్పటిదాకా మొదటి ఉత్తరంలో చెప్పినట్టే, సగం నీళ్ళు, మేత బంద్, రోజూ టెస్ట్.

ఈసారి నాలుగైదు గంటలకి మించి కరెంటు పోతే, వచ్చాక వెంటనే ఆన్ చేయకండి. డబ్బా తెరిచి లోపలి నీళ్ళు పారబోసి, స్పాంజిలని ట్యాంకులోంచి తీసిన బకెట్ నీళ్ళలో ఒకసారి మెల్లగా ముంచి తీసి, మళ్ళీ పెట్టి అప్పుడు తిప్పండి. కరెంటు పోయిన గంటలోనే స్పాంజిని డబ్బాలోంచి తీసి ట్యాంకులో తేలేలా వేసి, పక్కనే బ్యాటరీ ఎయిర్ పంప్ పెట్టగలిగితే ఇంకా మంచిది. ఆ పంప్ పెద్ద ఖరీదు కాదు, గాలివానల రోజులు రాకముందే ఒకటి కొని, బ్యాటరీలు విడిగా తీసి పక్కనే పెట్టుకోండి, లోపలే ఉంచితే కారి పాడవుతాయి.